రాంచోస్ డి తావోస్ చర్చి పునరుద్ధరణ

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, తావోస్ పట్టణానికి దక్షిణాన రాంచోస్ డి తావోస్‌లో ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో డి అసీస్ చర్చి పచ్చి ఇటుకల కట్టడం. 1772–1816 మధ్య కట్టారు. జార్జియా ఓకీఫ్ చిత్రాలు, ఆన్సెల్ ఆడమ్స్ ఫోటోలు దాని వెనుకవైపు గోడలకు పేరు తెచ్చాయి.

ఏటేటా మట్టి మెత్తే బాధ తప్పుతుందని 1967లో గోడలకు సిమెంటు పూశారు. అదే కొంప ముంచింది. పగుళ్లలోంచి దిగిన నీరు ఆవిరయ్యే దారి లేక లోపలి ఇటుకను నానబెట్టింది. 1979లో ఆ పూత ఒలిచేసి, దెబ్బతిన్నచోట బాగుచేసి, తిరిగి మట్టే మెత్తారు. అప్పటినుంచి వేసవిలో ఊరివాళ్లే కలిసి మట్టిలో గడ్డి కలిపి ఆ పని చేసుకుంటున్నారు. ఈ చాకిరీని స్థానికంగా ఎన్హారే అంటారు.