ఆర్‌ఎంపీ చీటీ, కేసు షీటు: ఉంగుటూరు నుంచి చూసిన వైద్య నిర్లక్ష్య న్యాయం

ఉంగుటూరు మండలంలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో చిన్నపిల్లలకీ తెలుసు. జ్వరమొస్తే ఇంటికొచ్చి సూది వేసి, బిళ్లలు కాగితంలో చుట్టి ఇచ్చే మనిషి. వైద్యపు డిగ్రీ ఉండదు. చట్టంలో మాత్రం ఇవే మూడక్షరాలకు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని అర్థం, అంటే గుర్తింపున్న చదువు చదివి వైద్య రిజిస్టరులో పేరెక్కినవాడు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది ఈ రెండో ఆర్‌ఎంపీకే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే మామూలు మనిషికి ఐదేళ్ల దాకా జైలు, వైద్యప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ వైద్యుడికి రెండేళ్ల దాకా. ఊరి ఆర్‌ఎంపీ ఐదేళ్ల వరసలోనే నిలబడాలి. నమోదు లేకుండా వైద్యం చేసినందుకు జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉండనే ఉన్నాయి. ఒక వైద్యం చదివి మరో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. ఏదీ చదవనివాడి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇదంతా రుజువైతే కదా! చుట్టి ఇచ్చిన కాగితం మీద మందు పేరుండదు, తేదీ ఉండదు, సంతకం అసలే ఉండదు. ఈ ప్రాంతంలో రోగి ప్రయాణం కాగితం లేకుండా మొదలవుతుంది. న్యాయం కాగితంతో మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ ఎడం గురించే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఉంగుటూరు కొత్త ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, పక్కనే ఉన్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. గూడెం ఆసుపత్రిలో ప్రాణం పోతే కేసు ఆ జిల్లా కేంద్రం భీమవరం వైపు వేయాలా అని అడిగేవాళ్లున్నారు. అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే అక్కడే వేయవచ్చు. వైద్యం హైదరాబాదులో జరిగినా సరే. కట్టిన బిల్లు యాభై లక్షలు దాటనంతవరకు జిల్లా వినియోగదారుల కమిషనే వింటుంది, ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇక్కడ లెక్కకొచ్చేది కట్టిన బిల్లేగాని, అడిగే పరిహారం కాదు. కొత్త చట్టం నుంచి వైద్యం జారిపోయిందన్న వాదనను 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

చిక్కల్లా బిల్లు లేనివాడిది. 1995 నవంబరు 13న వి.పి.శాంత కేసులో ఇచ్చిన తీర్పు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెస్తూనే, అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను బయట ఉంచింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఏలూరు ప్రభుత్వాసుపత్రిలోనో ఉచితంగా చూపించుకున్నవాడి కుటుంబం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. మరణించిన నాటి నుంచి రెండేళ్లే గడువు. ఆ దారి ఎంత పొడుగో ఔరంగాబాదు కేసు చెబుతుంది. 1963లో ప్రభుత్వాసుపత్రిలో ప్రసవానికి వెళ్లిన తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరిచిపోయారు, ఆమె చనిపోయింది. ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1996 వచ్చింది. పరిహారం 36,000 రూపాయలు.

అంతా ఆరోగ్యశ్రీ అని పిలిచే ప్రభుత్వ పథకం కింద చేరిన రోగి బిల్లు కట్టేవాడికీ ఉచితంగా చూపించుకునేవాడికీ మధ్యన ఉన్నాడు. అతను చెల్లించడు గాని ఆసుపత్రికి డబ్బు ముడుతుంది. కొందరి దగ్గర డబ్బు తీసుకునే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని శాంత తీర్పే అంది కాబట్టి, అతన్ని బయట నిలబెట్టడం కుదరదని నా అభిప్రాయం.

రుజువు విషయంలో మనకు దగ్గరి కేసు హైదరాబాదులోని నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌ది. 2002 జూలైలో చలిజ్వరంతో ఒక గృహిణిని చేర్చారు. భర్త పనిచేసేది మలేరియా శాఖలో! టైఫాయిడ్ అని వైద్యం నడిచింది. పరిస్థితి విషమించాక యశోద ఆసుపత్రికి మార్చారు, అక్కడే కన్నుమూసింది. మరణ కారణాల్లో మలేరియా ఉంది. మలేరియాకు తాను వైద్యం చేయలేదని మొదటి ఆసుపత్రి వైద్యుడే సాక్ష్యంలో ఒప్పుకున్నాడు. జిల్లా వినియోగదారుల ఫోరం రెండు లక్షల పరిహారం, కట్టిన పదివేలు వాపసు ఇవ్వమంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని చెప్పింది. 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు మరో వైద్యుడి అభిప్రాయం కోరింది క్రిమినల్ కేసులకే. ఈ తేడా తెలియక ఫిర్యాదు మానుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

పరిహారపు అంకెల సంగతి మరీ వింత. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 1990లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజినీరింగ్ విద్యార్థికి 2009లో కోటి రూపాయలు వచ్చాయి. అది ఎక్కువని ఎవరూ అనలేరు. పోయిన ప్రాణానికి రెండు లక్షలేమిటన్నదే ప్రశ్న. బతికినవాడికి ఖర్చు కనిపిస్తుంది, పోయినవాడికి సంపాదన కాగితం చూపించాలి. కొల్లేరు చేపల చెరువుల్లో మేత వేసే కూలీకి జీతపు చీటీ ఎవరిస్తారు?

అందుకే మరణం జరిగిన రాత్రే ఆసుపత్రి ముందు టెంటు, తెల్లవారేసరికి పెద్దమనుషుల రాజీ. డబ్బు చేతులు మారుతుంది, పోస్టుమార్టం వద్దని రాసిస్తారు, శవం ఊరికొస్తుంది. ఆవేశం దాడిదాకా పోతే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద ముద్దాయిలయ్యేది బంధువులే. రాజీపడేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ సంతకంతో మరణ కారణం తెలిసే దారి మూసుకుపోతుంది.

2002 నాటి వైద్య నైతిక నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అడగడానికి వకీలు అక్కర్లేదు. దినకార్యం అయ్యేదాకా ఆగకుండా కేసు షీటు అనే ఆ రికార్డు కోసం తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, ముట్టినట్టు నకలు మీద సంతకం పెట్టించుకోండి.