చిప్పు నుంచి కార్డుకి, కార్డు నుంచి చిప్పుకి

రెండువేల సంవత్సరం అటూ ఇటూగా అమీర్‌పేట సందుల్లో తిరిగినవాళ్లకి హార్డ్‌వేర్ కోర్సుల బోర్డుల మీద రెండు మాటలు గుర్తుండే ఉంటాయి: కార్డ్ లెవెల్, చిప్ లెవెల్. పాడైన కార్డు ఏదో పట్టుకుని, తీసేసి కొత్తది బిగిస్తే అది కార్డ్ లెవెల్. ఆ కార్డు మీద ఏ చిప్పు పోయిందో, ఏ కెపాసిటర్ షార్టయిందో కనిపెట్టి దాన్నొక్కదాన్నే మారిస్తే చిప్ లెవెల్. డెస్క్‌టాప్ కంప్యూటర్ల రిపేరు చరిత్రంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది. మొదలైంది చిప్పు దగ్గర. పది పదిహేనేళ్లలో కార్డుకి మారింది. ఆ యంత్రాలకి ముప్పై నలభై ఏళ్లు పైబడ్డాక మళ్లీ చిప్పు దగ్గరికే వచ్చింది. ఈ రాకపోకల్లో టంకం పని కంటే కాగితం పాత్రే ఎక్కువని నా నమ్మకం. సర్క్యూట్ పటం చేతిలో ఉన్నన్నాళ్లు చిప్పు దాకా వెళ్లగలిగారు. అది అందకుండా పోయాక కార్డు మార్చడం తప్ప దారి లేకపోయింది.

1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ ముఖచిత్రంగా వచ్చిన ఆల్టేర్ 8800ని చాలామంది కిట్‌గా కొని, ఇంట్లో కూర్చుని సొంతంగా టంకం పెట్టుకున్నారు. బిగించినవాడే బాగుచేసుకునేవాడు. లోపం వెతకడానికి ఉన్నవల్లా ముందుపలక మీది స్విచ్చులు, ఎర్ర దీపాలు. 1977లో వచ్చిన ఆపిల్ 2లో చిప్పులన్నీ సాకెట్లలోనే ఉండేవి. అనుమానం వచ్చినదాన్ని ఊడదీసి అదే రకం ఇంకోదాంతో మార్చి చూస్తే సరిపోయేది. సాకెట్లతో ఒక చిక్కుంది. వేడెక్కి చల్లారుతున్న కొద్దీ చిప్పు కాస్త కాస్తగా పైకి జరుగుతుంది. 1980 నాటి ఆపిల్ 3కి ఫ్యాన్ లేదు. చిప్పులు సాకెట్లలో వదులై మొరాయిస్తుంటే, యంత్రాన్ని రెండు మూడంగుళాలు పైకెత్తి బల్ల మీద వదలమని సలహా ఇచ్చారు. మొరటుగా వినిపిస్తుంది గానీ రోగం సరిగ్గా పట్టుకున్నవాళ్ల సలహా అది. ఆ కుదుపుకి చిప్పులు తిరిగి చోట్లో కూర్చునేవి.

అసలు మలుపు 1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం 5150. దీనితో పాటు కంపెనీ అమ్మిన టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో బోర్డు సర్క్యూట్ పటాలే కాదు, బయోస్ ప్రోగ్రాం కూడా వరుస వరుసా అచ్చయింది. స్విచ్ వెయ్యగానే యంత్రం తనను తాను ఎలా పరీక్షించుకుంటుందో ఎవరైనా చదువుకోవచ్చు. ప్రాసెసర్, రోమ్, మెమరీ, కీబోర్డు, ఫ్లాపీ ఒక్కొక్కటీ చూసుకుని, అన్నీ బాగుంటే ఒక్క చిన్న బీప్ ఇస్తుంది. బాగాలేకపోతే తెర మీద అంకెలు. 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ, 201 అంటే మెమరీ.

ఆ 201ని కాస్త దగ్గరగా చూడాలి. తెర మీద ‘0804 201’ అని వచ్చిందనుకోండి. బోర్డు మీద మెమరీ చిప్పులు తొమ్మిదేసి చొప్పున వరుసలుగా ఉంటాయి. ఎనిమిది డేటాకి, తొమ్మిదోది పారిటీకి, అంటే ఆ డేటాలో తప్పు పట్టే తనిఖీ బిట్టుకి. వరుసకి 16 కేబీ ఉన్న తొలి బోర్డులో మొదటి రెండంకెలు ఏ వరుసో చెబుతాయి: 00, 04, 08, 0సీ. ఇక్కడ 08 అంటే మూడో వరుస. తర్వాతి రెండంకెలు ఆ వరుసలో ఏ బిట్టో చెబుతాయి. 01 మొదటి బిట్టు, 02 రెండోది, 04 మూడోది. అంటే మూడో వరుసలో మూడో డేటా చిప్పు పోయింది. నాలుగు అంకెల్లో, 36 చిప్పుల్లోంచి ఒక్కదాన్ని యంత్రమే వేలుపెట్టి చూపిస్తోంది! ఇంత సూటిగా తన జబ్బు చెప్పుకున్న డెస్క్‌టాప్ తర్వాత రావడం చాలా అరుదు. దీనికీ ఒక హద్దుంది. మొదటి 16 కేబీయే పాడైతే పరీక్ష అక్కడే ఆగిపోతుంది, బీపూ ఉండదు, తెరా వెలగదు. పైగా మొదటి వరుస ఒక్కటే సాకెట్లు లేకుండా నేరుగా టంకం వేసి ఉంటుంది.

అదే కాలంలో కమడోర్ 64 (1982) వేరే తరహా ఇబ్బంది పెట్టింది. దాని పవర్ సప్లై డబ్బాని లోపల ఎపాక్సీ పోసి మూసేశారు. రెగ్యులేటర్ చెడితే 5 వోల్టులు రావాల్సిన చోట ఎక్కువ వచ్చి మెమరీ చిప్పులు కాలిపోయేవి. మెకానిక్కులు అనుమానం ఉన్న చిప్పు వీపు మీద మంచి చిప్పుని అదిమిపెట్టి చూసేవాళ్లు. పరీక్షల కార్ట్రిడ్జ్ పెడితే తెర ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి చిప్పు పోల్చుకునేవాళ్లు. 1984 మాకింటాష్ అయితే మూత తియ్యడానికే పొడుగు పిడి ఉన్న టార్క్స్ స్క్రూడ్రైవర్ కావాలి. యజమాని లోపలికి చూడకూడదన్న ఉద్దేశం ఆ మరలోనే ఉంది.

ఐబీఎం 1978లోనే మన దేశం విడిచి వెళ్లిపోయింది. అందుకని ఇక్కడ ఎక్కువగా తిరిగినవి దాని నకళ్లు. వీటిలో చాలా బోర్డులకి సర్క్యూట్ పటం దొరికేది కాదు. తొంభైలకి వచ్చేసరికి పదుల చిప్పులు చేసే పని రెండు మూడు పెద్ద చిప్‌సెట్ చిప్పుల్లోకి చేరింది. వాటి కాళ్లు బోర్డు పైపొరకే అంటుకుని ఉంటాయి, మామూలు సోల్డరింగ్ ఐరన్‌కి లొంగవు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల రిపేరు రూపమే మారిపోయింది. ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో బంగారు కాళ్లు రుద్ది మళ్లీ గుచ్చడం. బీపులు లెక్కపెట్టడం: ఏఎంఐ బయోస్‌లో మూడైతే మొదటి 64 కేబీ మెమరీ, ఎనిమిదైతే డిస్‌ప్లే మెమరీ. బీపు కూడా రాకపోతే స్లాటులో పోస్ట్ కార్డు (యంత్రం స్వీయపరీక్ష ఏ అడుగులో ఆగిందో చూపించే కార్డు) పెట్టి, అది చూపించే రెండంకెలు చదవడం. ఆ తర్వాత కార్డు మార్చడమే. ఆ మెకానిక్కుల నేర్పు తక్కువదని నేననను. చేతికి పటం ఇవ్వని యంత్రాన్ని అంతకన్నా లోతుగా చూడటం ఎవరివల్ల అవుతుంది?

వయసు మీద పడ్డాక ఈ యంత్రాలకి వచ్చే జబ్బులు వేరు. 5150 బోర్డు మీద బఠాణీ గింజంత టాంటలం కెపాసిటర్లు ఉంటాయి. 12 వోల్టుల దారిలో ఒకటి షార్టయితే చాలు, పవర్ సప్లై తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చూసేవాళ్లకి బోర్డు మొత్తం చచ్చిపోయినట్టే ఉంటుంది. మల్టీమీటర్‌తో ఆ దారికీ గ్రౌండుకీ మధ్య ఓమ్‌లు చూస్తే దాదాపు సున్నా. దోషిని తీసేస్తే యంత్రం లేస్తుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తయారైన బోర్డులకి మాత్రం వయసు రాకముందే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల జబ్బు. లోపలి ద్రవం తయారీ సరిగా లేక గ్యాస్ పుట్టి, వాటి తలలు పూరీల్లా ఉబ్బిపోయాయి.

386 కాలపు బోర్డులకి బ్యాటరీ శత్రువు. మా బాబాయి డీటీపీ సెంటర్‌లో పెళ్లిపత్రికలు కూర్చిన 386ని పోయినేడు అటక మీంచి దింపాను. మెమరీ లెక్కపెట్టుకుంది గానీ వెంటనే కీబోర్డ్ ఎర్రర్ అంది. కీబోర్డు మార్చినా అదే మాట. మూత తీస్తే నీలిరంగు 3.6 వోల్టుల బ్యాటరీ చుట్టూ పచ్చగా చిలుము. కారిన క్షారం పక్కనున్న కీబోర్డ్ కంట్రోలర్ దాకా పాకింది. బ్యాటరీ కత్తిరించి, వెనిగర్‌లో ముంచిన బ్రష్షుతో రుద్దాను. సన్నగా నురగ వచ్చింది. స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టి, సాకెట్ నుంచి కంట్రోలర్ దాకా ఒక్కో గీతా మల్టీమీటర్ బీప్‌తో చూసుకుంటూ పోతే ఒకచోట చప్పుడు ఆగింది. వెంట్రుక లాంటి తీగ ఆ గీత మీంచి అతికాను.

కీబోర్డు పలికింది. కానీ బ్యాటరీతో పాటే డిస్కు వివరాలు కూడా పోయాయి. అవి చేత్తో కొట్టకపోతే ఆ బయోస్ డిస్కుని గుర్తుపట్టదు. వెతుకుతుంటే క్యాబినెట్ మూత లోపలి వైపు అంటించిన చిన్న కాగితం కనబడింది. బాబాయి దస్తూరీ: టైప్ 17, 977 సిలిండర్లు, 5 హెడ్లు, 17 సెక్టార్లు. అవే కొట్టి సేవ్ చేశాను. ఒక్క బీప్, డిస్కు తిరుగుతున్న రొద, ముందు ఎర్ర దీపం.