వేసవి స్కౌట్ శిబిరంలో ఏం నేర్పుతారు?

మెడలో స్కార్ఫు, చేతిలో కర్ర, ఉదయాన్నే జెండా వందనం. స్కౌట్ శిబిరమనగానే తల్లిదండ్రులలో చాలామందికి స్ఫురించేది ఇంతే. అసలు శిబిరం ఆ తరువాతే ఆరంభమవుతుంది. తాళ్లతో వంతెన కట్టడం, గిన్నె లేకుండా వండుకోవడం, గుర్తులను బట్టి దారి పట్టడం, నీటిలో పడినవారిని ఒడ్డుకు చేర్చడం వంటివన్నీ అక్కడ స్వయంగా చేసి నేర్చుకోవలసిన విద్యలు. వేసవి సెలవుల్లో చెరువులలో, వ్యవసాయ బావులలో ఈతకు దిగి పిల్లలు ప్రాణాలు కోల్పోయిన వార్తలు ఏటా చదువుతున్న మన జిల్లాల్లో వీటిని కాలక్షేపంగా కొట్టిపారేయడానికి వీలులేదు.

తొలి శిబిరం దీవిలో

ఈ శిబిరాలకు మూలం 1907లో ఉంది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి 8 వరకు బ్రిటిష్ సైన్యాధికారి రాబర్ట్ బేడెన్ పావెల్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది బాలురతో ప్రయోగాత్మక శిబిరం నడిపారు. సంపన్నుల పాఠశాలల విద్యార్థులను, శ్రామిక కుటుంబాల పిల్లలను ఒకే గుడారాల వరుసలో ఉంచడం ఆనాటికి కొత్త విషయం. రుసుము కూడా స్థోమతను బట్టే వసూలు చేశారు. పిల్లలను నాలుగు పెట్రోళ్లుగా విభజించి, ఒక్కోదానికి పెద్ద పిల్లవానిని నాయకునిగా నియమించారు. ఉదయం నిద్రలేపడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన దుప్పికొమ్ము ఊదేవారు. ఈ అనుభవం తరువాత, 1908లో ఆయన స్కౌటింగ్ గ్రంథం వెలువడింది.

మన దేశంలో వేర్వేరుగా ఉన్న స్కౌట్ సంస్థలు విలీనమై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. బాలికల గైడ్ సంస్థ మరుసటి ఏడాది ఆగస్టు 15న అందులో చేరింది. సంస్థ తొలి జాతీయ జంబోరీకి 1953లో ఆతిథ్యమిచ్చింది హైదరాబాదే.

పలుపు ముడి నుంచి వంతెన దాకా

పెట్రోల్‌లో ఆరు నుంచి ఎనిమిది మంది ఉంటారు. నీళ్లు తేవడం, వంట, పరిశుభ్రత పనులను వారే వంతులవారీగా పంచుకుంటారు. తొలిరోజు పని గుడారం వేయడం, చుట్టూ వాననీటి కాలువ తీయడం. తరువాత కర్రలు, పురికొసతో చెప్పుల స్టాండు, పళ్లేల అర, తువ్వాళ్లు ఆరవేసే దండెం తయారు చేసుకోవాలి. మేకు వాడకూడదు. ఉదయం తనిఖీలో వీటికి మార్కులుంటాయి.

ముడుల పాఠం రైతుబిడ్డలకు సులువుగా అబ్బుతుంది. పశువును రాటకు కట్టడం చూసిన పిల్లవానికి క్లోవ్ హిచ్ వింత కాదు. రెండు సమానమైన తాళ్లను కలపడానికి రీఫ్ నాట్, లావు తాడును సన్నతాడుతో కలపడానికి షీట్ బెండ్ నేర్పుతారు. అన్నింటికంటె విలువైనది బోలైన్. ఈ ముడితో వేసిన ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు. కనుక బావిలో పడినవారి చంకల కింద నుంచి వేసి పైకి లాగవచ్చు. సాధారణ జారుముడి వేస్తే ఛాతీ నొక్కుకుపోతుంది. తేడా తెలియని తొందరలో సాయమే ప్రమాదమవుతుంది.

ముడులు వచ్చాక వెదురు గడలను కలిపి కట్టే లాషింగ్ వస్తుంది. క్లోవ్ హిచ్‌తో మొదలుపెట్టి, గడల చుట్టూ మూడు చుట్లు, వాటి నడుమ బిగింపుగా రెండు చుట్లు వేసి, మళ్లీ క్లోవ్ హిచ్‌తో ముగించాలి. పాదాలకు ఒక మోకు, చేతులకు రెండు తాళ్లతో కట్టే మంకీ బ్రిడ్జి శిబిరానికంతటికీ ఆకర్షణ. పిల్లలకంటె ముందు పెద్దలు ఎక్కి పరీక్షించాలి.

గిన్నెలు లేని వంట పోటీ మరో వేడుక. బంగాళాదుంపలకు బంకమట్టి పూసి నిప్పుల్లో కాలుస్తారు, పిండిముద్దను పుల్లకు చుట్టి సెగకు తిప్పుతారు. మారేడుమిల్లి వైపు బొంగులో కోడికూర వండే గిరిజనులకు ఇది ఏనాడో తెలిసిన విద్యే.

కన్ను, నీడ, అడుగుజాడ

కిమ్స్ గేమ్‌లో ఇరవైనాలుగు వస్తువులను ఒక్క నిమిషం చూపి గుడ్డ కప్పేస్తారు. కనీసం పదహారు గుర్తుకు తెచ్చుకుని రాయాలి. ఎత్తుల అంచనాకు నీడ చాలు. 150 సెంటీమీటర్ల బాలుని నీడ ఒక మీటరు ఉన్నపుడు తాటిచెట్టు నీడ 8 మీటర్లుంటే, చెట్టు ఎత్తు 12 మీటర్లు. రెండు నీడలూ ఒకే సమయంలో కొలవాలి. లెక్కల తరగతిలో నిష్పత్తులు తలకెక్కని పిల్లలు చెట్టు కింద ఇట్టే పట్టేస్తారు.

హైక్ రోజున ముందు వెళ్లిన జట్టు రాళ్లు, పుల్లలతో బాణపు గుర్తులు వదులుతుంది. వలయంలో చుక్క ఉంటే ‘ఇంటికి వెళ్లాను’ అని అర్థం. కెన్యాలోని నైయెరీలో బేడెన్ పావెల్ సమాధిపై చెక్కిన గుర్తు కూడా ఇదే.

రాత్రి క్యాంప్‌ఫైర్‌లో పాటలు, హాస్యనాటికలు, జట్ల కేకలు సాగుతాయి. మన ప్రాంతంలో కోలాటం, బుర్రకథ కూడా చోటుచేసుకుంటే మరింత రక్తి కడుతుంది. చివర నిప్పుపై నీళ్లు చల్లి, బూడిద చల్లారిందని చూసిన తరువాతే నిద్ర.

పంపేముందు అడగవలసినవి

పాఠశాల గదుల్లో పడుకోబెట్టి, భోజనం బయటి నుంచి తెప్పించి, చివరి రోజు ధ్రువపత్రం చేతిలో పెడితే అది శిబిరం అనిపించుకోదు. రైల్వే నియామకాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్నమాట నిజమే. దానికి రాష్ట్రపతి పురస్కారం వంటి ఉన్నత అర్హతలు అడుగుతారు గానీ, శిబిరంలో పాల్గొన్నట్లు ఒక్క కాగితం ఉంటే సరిపోదు. ప్రవేశ్ దశ నుంచి మూడు సోపానాలు, రాజ్య పురస్కారం దాటి అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది.

మే నెల ఎండల్లో బయటి కార్యక్రమాలు ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తరువాత మాత్రమే జరగాలి. మధ్యాహ్నం నీడపట్టున ముడులు, ప్రథమచికిత్స నేర్పవచ్చు. నీటి దగ్గరకు తీసుకువెళ్తే బాగా ఈత వచ్చిన ఇద్దరు ఒడ్డున సిద్ధంగా కాపలా ఉండాలన్నది స్కౌటింగ్ తొలినాళ్ల నియమం. ఆ ఇద్దరు ఎవరో పేర్లతో అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు. బాలికల శిబిరంలో మహిళా కెప్టెన్ రాత్రి అక్కడే ఉంటారా, ప్రథమచికిత్స పెట్టె, అవసరమైతే ఆసుపత్రికి వెళ్లడానికి వాహనం ఉన్నాయా అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి. పిల్లలకు ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉంటే దాచకుండా రాసి, మందులు బాధ్యుల చేతికే ఇవ్వాలి.