పాఠశాలయు కర్మశాలయు

బాలుడు బడి విడిచిన నాటినుండి బ్రతుకుతెరువు కుదురు నాటివరకు వాని భారమెవరిది? తన పని తీరినదని గురువనును. తన పని యింకను మొదలు కాలేదని యజమాని యనును. ఈ నడిమి కాలముననే పెక్కు జీవితములు దారి తప్పుచున్నవి. ఈ చిక్కును జర్మనీలోని మ్యూనిచ్ నగరము విడదీసిన తీరును మా చదువరులకు నివేదింపగోరుచున్నాము.

గేయోర్గ్ కెర్షెన్‌స్టైనర్ 1854 లో ఆ నగరముననే జన్మించెను. గణితోపాధ్యాయుడై, 1895 లో నగర విద్యాధికారి యయ్యెను. ప్రాథమిక విద్య ముగించి పనిలో చేరిన పిల్లలకు నాడును అనుబంధ పాఠశాలలు గలవు. కాని వానియందు పాత పాఠములనే మరల వల్లింపజేయుచుండిరి. పనిచేసి యలసిన బాలునకు చదివిన చదువే యెట్లు రుచించును?

1900 మొదలుకొని ఆయన ఆ పాఠశాలలను వృత్తుల ననుసరించి పునర్నిర్మించెను. వడ్రంగులకొక తరగతి, రొట్టెలు చేయువారికొకటి, చెప్పులు కుట్టువారికొకటి యేర్పడెను. వడ్రంగి బాలుడు కలప వెల కట్టుచు గణితము నేర్చెను. బల్లకు నమూనా గీయుచు చిత్రలేఖనము నేర్చెను. వానితోపాటు ఆరోగ్యధర్మములును పౌరధర్మములును బోధింపబడెను. చేతిపని నేర్పుటతోనే మంచి పౌరుని తీర్చవచ్చునని ఆయన మతము. ఈ విషయమై వ్రాసిన వ్యాసమునకు 1901 లో ఎర్ఫర్ట్ అకాడమీ బహుమాన మిచ్చెను.

పని వేళలలో పిల్లలను బడికి పంపుటకు యజమానులు తొలుత సమ్మతింపలేదు. వృత్తి సంఘములను కలుపుకొనిన పిమ్మటనే కార్యము సాగెను. బాలికలకు మాత్రము గృహకృత్యములే ప్రధానముగ నేర్పిరి. ఈ కొరతను మనము అనుకరింపరాదు.

మన దేశమున వృత్తి పుట్టుకను బట్టి సంక్రమించెను. బడిలో నేర్పిన వృత్తి యన్ననో అభిరుచిని బట్టి లభించును. కావున మనకిది కూటిప్రశ్న మాత్రమే కాదు, సమత్వప్రశ్న కూడను. 1961 లో మన దేశమున అప్రెంటీసుల చట్టము వచ్చెను. 1969 లో పశ్చిమ జర్మనీ వృత్తిశిక్షణకు చట్టము చేసెను. అయినను చట్టము యజమానిని నిర్బంధింపగలదే గాని శ్రద్ధ పుట్టింపజాలదు.

పరీక్షలో వచ్చిన మార్కులను విచారించు తలిదండ్రులు మరి రెండు మాటలు కూడ విచారింతురు గాక: మన పిల్లల బడికి ఏ పనివాడైనను వచ్చి పాఠము చెప్పెనా? ఆ బడి యుపాధ్యాయుడు ఏ కర్మశాల గడపనైనను త్రొక్కెనా?