మలక్‌పేట గుర్రాలు, గులాబు నీళ్లు, నా పండుగ అడ్వాన్సు



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు కోరినారు. ధర్మపురి, వేములవాడ క్షేత్రాల గురించి, జగిత్యాల ఖిల్లా గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం గుర్రప్పందాల గురించి, ఆ పందాల పండుగలో తాగే పానీయాల గురించి వ్రాయదలచినాను. నవ్వకండి. పుట్టింది కోరుట్లలో, పిల్లనిచ్చింది సిరిసిల్ల వారు, ఉద్యోగం చేసింది జగిత్యాలలో, అదీ ఆబ్కారీ శాఖలో గుమాస్తాగా. ఈ మనిషికి గుర్రాలతో ఏమి పని అంటారా? చివర మనవి చేస్తాను.

మన హైదరాబాదు రాజ్యంలో గుర్రప్పందాలు 1868 ప్రాంతంలో మౌలాలిలో మొదలైనాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కు గుర్రాలంటే మహా ఇష్టం. మౌలాలి దూరమని 1886లో పందాలను తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు మార్పించినారు. అక్కడి మహబూబ్ మాన్షన్ ఆయన పేరు మీదిదే. 1911లో ఆయన పోయినారు, రాజ్యం పోయింది, పందాలు మాత్రం నిలిచినాయి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. ఇప్పటికీ వానాకాలం ఒక సీజను, చలికాలం ఒక సీజను మలక్‌పేటలోనే నడుస్తున్నాయి.

డెర్బీ అనే పేరు ఇంగ్లండులో 1780లో ఎప్సమ్ మైదానంలో జరిగిన పందెం నుండి వచ్చింది. డెర్బీ ప్రభువు పేరు అది. ఆస్ట్రేలియాలో 1861లో మెల్‌బోర్న్ కప్పు మొదలైంది. ఆ పందెం నాడు మెల్‌బోర్న్ నగరానికి సర్కారీ సెలవు. మనకు బోనాలకు సెలవు ఇచ్చినట్లన్న మాట. అమెరికాలో కెంటకీ డెర్బీ 1875లో మొదలైంది. అక్కడికి వచ్చిన వారు పుదీనా ఆకు, చక్కెర పాకం, బోర్బన్ విస్కీ, నలగగొట్టిన మంచు కలిపి తాగుతారు. దాని పేరు మింట్ జూలెప్.

ఈ జూలెప్ అనే మాట ఎక్కడిదో తెలుసునా? ఫార్సీ వారి గులాబ్! గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. అరబ్బుల నోట జులాబ్ అయి, ఐరోపా చేరి, తియ్యటి మందు పానకానికి పేరై, ఆఖరుకు అమెరికాలో విస్కీ గ్లాసులో పడింది. మన పెండ్లిళ్లలో గులాబ్‌దానీతో చల్లే పన్నీరే దానికి మూలపురుషుడు. మా శాఖ పేరు ఆబ్కారీలో ఉన్నదీ ఆ ఆబ్ అనే నీళ్లే. దొరల విందుల్లోని పంచ్ కూడా మన పాంచ్ నుండే వచ్చిందని చాలామంది చెబుతారు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా కలిపితే అయిదు.

మలక్‌పేటలో ఇంకొక విచిత్రమున్నది. అక్కడి పెద్ద పందెం దక్కన్ డెర్బీని అక్టోబరు 2న జరపడం ఆనవాయితీ. అది గాంధీ జయంతి. మద్యం అమ్మరాదు. లోకమంతా డెర్బీ నాడు గ్లాసులెత్తితే, మన డెర్బీ నాడు మా శాఖ వారు దుకాణాలకు తాళాలు వేయించాలి.

ఇక నా సంగతి. 1979లో దసరా ముందు పండుగ అడ్వాన్సు చేతికి వచ్చింది. మూడో నాడే లెక్కల పని మీద హైదరాబాదు వెళ్లినాను. పని ముగిసిన మరునాడు ఒక తోటి ఉద్యోగి మలక్‌పేట తీసుకపోయినాడు. పది రూపాయలు పెడితే ఇరవై రెండు వచ్చినాయి. అంతే, కండ్లు నెత్తికెక్కినాయి. అయిదో పందెం అయ్యేసరికి జేబులో బస్సు కిరాయి మిగిలింది. ఆ రోజంతా నేను తాగింది ఒక్క నిమ్మకాయ సోడా. చుక్క ముట్టకుండానే మత్తెక్కిన దినమది.

లెక్క తర్వాత తెలిసింది. టోట్ పద్ధతిలో అందరి పైసలు ఒక కుప్ప చేస్తారు. అందులో నుండి ముందుగా పన్ను, క్లబ్బు ఖర్చు తీస్తారు. మిగిలినదే గెలిచిన వారికి పంచుతారు. అంటే ఏ గుర్రం గెలిచినా, ఆడిన వారందరికీ కలిపి ఎప్పుడూ నష్టమే. కూడికలు, తీసివేతలు చేసి బ్రతికిన గుమాస్తాకు ఈ చిన్న లెక్క ముందుగా తోచలేదు. గుర్రప్పందెం నైపుణ్యపు ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కావచ్చు. ఆ నైపుణ్యం నాకైతే లేదు.

ఇంటికి వచ్చినాక, "ఈయేడు అడ్వాన్సు ఇయ్యలేదా?" అని మా ఇంటామె అడిగింది. "మంజూరు కాలేదు" అన్నాను. పది నెలలు జీతంలో వాయిదా కోత పడితే, పది నెలలూ ఏదో ఒక అబద్ధం. సద్దుల బతుకమ్మకు ఆమె చీర, పిల్లల బట్టలు సిరిసిల్ల దుకాణంలో ఉద్దెర తెచ్చినాము. ఆ బాకీ ఎట్లా తీరిందో నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

2008లో పదవీ విరమణ అయినాక పాత కాగితాలు సర్దుతుంటే ఆ సంవత్సరపు జీతం చిట్టీ దొరికింది. దాచబోయినాను. ఆమె చూసి, "ఎందుకు దాస్తవు? గుర్రాల సంగతి నాకు అప్పుడే ఎరుక" అన్నది. ఆ తోటి ఉద్యోగి భార్య అప్పుడే చెప్పిందట. బట్టల బాకీ, రాత్రిళ్లు బీడీలు చుట్టిన పైసలతో ఆమే తీర్చింది. ఇరవై తొమ్మిది సంవత్సరాలు ఆ మాట నోట రానీయలేదు.

గుర్రం పరుగెత్తితే చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. మనుమలతో వెళ్లి చూసి, నిమ్మకాయ సోడా తాగి రండి. అయితే ఇప్పుడు పందెం మలక్‌పేట దాకా పోనవసరం లేకుండా పిల్లల సెల్‌ఫోనులోకే వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించినా, దొంగచాటు యాప్‌లలో పోగొట్టుకునే వారున్నారు. ఇంట్లో పిల్లలతో ఆ టోట్ లెక్క ఒకసారి కాగితం మీద వేయించండి. మీకూ నా వంటి అనుభవమేదైనా ఉంటే దాచకుండా చెప్పండి.

ఈ వ్యాసం చదివి వినిపిస్తే మా ఇంటామె, "రాయి, పోరగాండ్లు చదువుతరు" అన్నది. ఆమె అనుమతితోనే పంపుతున్నాను. సెలవు.