మీనాక్షమ్మ ఊళ్లో మనవాళ్లు

రామేశ్వరయాత్రకు బయల్దేరిన మన పెద్దలు దారిలో మధురలో దిగి మీనాక్షమ్మను చూసుకునే వచ్చేవారు. ఆ ఊరిని వాళ్లు మధురై అనేవారు కారు. మధుర అనేవారు, కృష్ణుడి మధురతో కలిసిపోతుందనుకుంటే దక్షిణ మధుర అనేవారు. గోపురాలు, వేయిస్తంభాల మంటపం, బంగారు తామర కొలను చూసి, సుంగుడి చీర ఒకటి కొనుక్కుని, మళ్లీ రైలెక్కేవారు. ఆ ఊరు రెండువందల యేళ్లు తెలుగు మాట్లాడే రాజుల ఏలుబడిలో ఉండేదనీ, వారి వెంట వెళ్లిన తెలుగు కుటుంబాల సంతతి ఈనాటికీ అక్కడే ఉన్నదనీ మనకు పైపైన తెలుసు. మనవాళ్లు ఆ ఊరికి ఏం చేశారు, ఆ ఊరు మనవాళ్లను ఏం చేసింది అన్న రెండు ప్రశ్నల్లో, పరాయిదేశంలో పిల్లల్ని పెంచుతున్న మనకు రెండోదే దగ్గర ప్రశ్న అని మాకు తోచింది. అందుకే ఈ వ్యాసం.

ఊరు చాలా పాతది. మెగస్తనీసు పాండ్యరాజ్యం పేరు విన్నాడు. కణ్ణగి కోపానికి తగలబడిందని శిలప్పదికారం చెప్పేది ఈ ఊరినే. 2015లో తవ్వకాలు మొదలైన కీళడి వైగైనది దాపున, ఊరికి ఆగ్నేయంగా ఉంది. అక్కడ దొరికిన ఇటుక కట్టడాలు, పెంకుల మీది అక్షరాలు తమిళనాట పెద్ద చర్చే లేవదీశాయి. తెలుగు చదువుకున్నవారికి ఈ ఊరితో మరో పరిచయం ఉంది. పాండ్యరాజు సభలో శివుడి పద్యానికే తప్పుపట్టిన నత్కీరుడి కథను ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. ఆ సభ కూర్చున్నది మధురలోనే.

1311లో మాలిక్ కాఫర్ దండు ఊరి మీద పడింది. తరువాత 1335 నుంచి నాలుగు దశాబ్దాలపాటు మధుర సుల్తానులు పాలించారు. విజయనగరం బుక్కరాయల కొడుకు కుమార కంపన దక్షిణానికి దండెత్తి వాళ్లను ఓడించాడు. ఆ విజయాన్ని కావ్యంగా రాసింది అతని భార్య గంగాదేవి. మధురావిజయం సంస్కృత కావ్యమే అయినా, దాని మొదట్లో పూర్వకవులను స్తుతిస్తూ ఆమె మన తిక్కననూ స్మరించింది. భర్త గెలిచిన తమిళ ఊరి కథను సంస్కృతంలో చెబుతూ తెలుగు కవికి నమస్కరించడం చూస్తే, ఆ కాలపు దక్షిణదేశంలో భాషలు ఎలా కలిసి తిరిగేవో తెలుస్తుంది.

నాయకరాజుల కథ 1529లో విశ్వనాథ నాయనితో మొదలవుతుందని సంప్రదాయం. విజయనగరం తరఫున అధికారిగా వచ్చినవాడి వంశం క్రమంగా స్వతంత్రమైంది. ఆయన దళవాయి అరియనాథ మొదలియారు తమిళుడు. ఇద్దరూ కలిసి దేశాన్ని 72 పాళెములుగా పంచి, కోట బురుజు ఒక్కొక్కదాన్నీ ఒక్కో పాళెగాడి కాపుదలలో పెట్టారని చెబుతారు. వేయిస్తంభాల మంటపం కూడా అరియనాథుడి కట్టడమే. లెక్కపెట్టే ఓపిక ఉన్నవాళ్లు స్తంభాలు 985 అని తేల్చారు. తమిళులు మనవాళ్లను వడుగులు అనేవారు. వడ అంటే ఉత్తరం. వడుగు అంటే ఉత్తరాదివాడు. రెండువందల యేళ్లు ఏలినా ఆ పేరు పోలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. గద్దెనెక్కిన వడుగులు తమ దేవుణ్ణి తెచ్చి ఊరి నడుమ పెట్టలేదు. తమిళుల ఆడపడుచు మీనాక్షినే కులదేవతలా కొలిచారు. సుల్తానుల దండయాత్రల్లో దెబ్బతిన్న గుడిని కట్టించారు, పెంచారు. తూర్పు గోపురం పాండ్యులది, పదమూడో శతాబ్దిది. గుడిలో ఈనాడు మనం చూసే మంటపాలలో, శిల్పాలలో చాలాభాగం నాయకుల కాలంవే. అన్నిటికన్నా ఎత్తయిన దక్షిణ గోపురం సుమారు 170 అడుగులుంటుంది. అదీ పదహారో శతాబ్దిలో లేచినదే.

ఊరి నడకను అర్థం చేసుకోవాలంటే వీధుల పేర్లు తెలియాలి. గుడి చుట్టూ చతురస్రాలు, ఒకదాని వెలుపల ఒకటి. ప్రాకారం లోపల ఆడి వీధులు, బయట చిత్తిరై వీధులు, ఆపైన ఆవణిమూల వీధులు, ఆపైన మాసి వీధులు. అన్నీ తమిళ నెలల పేర్లే. ఏ నెల ఉత్సవంలో స్వామీ అమ్మవారూ ఏ వీధిన ఊరేగితే ఆ వీధికి ఆ నెల పేరు. అంటే ఊరి పటమే పంచాంగం. చిరునామా చెప్పడానికి ఇంత అందమైన పద్ధతి మరో ఊళ్లో మాకు కనిపించలేదు. మనం ఇక్కడ నంబరు వీధుల్లో కాపురాలు చేస్తున్నాము గనుక కాస్త అసూయ కూడా కలుగుతుంది.

అయితే ఈ పంచాంగంలో ఒక చిక్కుంది. మీనాక్షి కల్యాణం చిత్తిరై మాసంలో జరుగుతుంది. పెళ్లి మర్నాడు తేరు తిరిగేది మాత్రం మాసి వీధుల్లో. ఈ తేడా తెచ్చిపెట్టినది తిరుమల నాయకుడు. 1623 నుంచి 1659 దాకా ఏలిన ఈయనకు ముందు ఈ పెళ్లి మాసిలో జరిగేదట. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో అళగరు కొండ ఉంది, అక్కడ విష్ణువు అళగరు, అంటే సుందరుడు. చిత్రాపౌర్ణమినాడు అళగరు కొండ దిగివచ్చి, ఎగువన తేనూరు అనే పల్లె దగ్గర వైగైలో దిగేవాడు. ఒకటి శివుడి పండుగ, ఊరివాళ్లది. ఇంకొకటి విష్ణువు పండుగ, చుట్టుపక్కల పల్లెలవాళ్లది, కళ్లర్లు మొదలైన కులాలవాళ్లది. తిరుమల నాయకుడు పెళ్లిని చిత్తిరైకి జరిపి, అళగరును తేనూరునుంచి మధుర రేవుకు రప్పించి, రెండు పండుగలనూ ఒకటి చేశాడు. వీధులు, తేరు పాతవే ఉండిపోయాయి.

జనం ఆ అతుకుకు ఒక కథ అల్లుకున్నారు. అళగరు మీనాక్షికి అన్న. చెల్లెలి పెళ్లికి బంగారు గుర్రమెక్కి, కళ్లరు వేషంలో, శ్రీవిల్లిపుత్తూరు ఆండాళు పంపిన పూలమాల వేసుకుని బయల్దేరతాడు. దారిపొడుగునా మంటపాల్లో ఆగుతూ వచ్చేసరికి వైగై ఒడ్డున తెలుస్తుంది, పెళ్లయిపోయిందని. కోపంతో ఊళ్లో అడుగుపెట్టకుండా వండియూరు మీదుగా వెనక్కు పోతాడు. పూజారులనడిగితే ఆయన వచ్చేది మండూక మహర్షి శాపం తీర్చడానికని చెబుతారు. జనానికి అన్నగారి అలకే ఇష్టం. పెళ్లికి ఆలస్యంగా వచ్చి అలిగిపోయే చుట్టం లేని ఇల్లు ఏ దేశంలో ఉంది గనుక! అళగరు ఏ రంగు పట్టు కట్టి నదిలో దిగుతాడో చూడడానికి లక్షలమంది రాత్రంతా ఇసుకలో కాచుకుంటారు. పచ్చపట్టు కడితే ఆ యేడు పంటలు బాగుంటాయని నమ్మకం.

రాజుకు ఇందులో రాజకీయలాభం లేకపోలేదు. పంటకోతలయిన రోజుల్లో పల్లెజనమంతా రాజధానికి వస్తే సంతలు జరుగుతాయి, పన్నులు వస్తాయి, శైవులూ వైష్ణవులూ ఒకే పందిరి కింద కూర్చుంటారు. కాని లాభం చూసుకుని చేసిన ఏర్పాట్లన్నీ మూడున్నర శతాబ్దాలు బతకవు. రాజ్యం పోయింది, పండుగ ఉంది.

తిరుమల నాయకుడి గురించి ఇంకా చెప్పుకోవాలి. ఆయనకు తిరుచిరాపల్లిలో ఉండగా పడిశం పట్టుకుని ఎంతకీ తగ్గలేదట. మధురలో కాపురముంటే నయమవుతుందని మీనాక్షీ సుందరేశ్వరులు కలలో చెప్పారని, అందుకే రాజధానిని మధురకు మార్చాడని పాత కథ. రాజకారణాలు వేరే ఉండే ఉంటాయి గాని, పడిశం కోసం రాజధానిని కదిలించిన రాజు మాకు నచ్చాడు. గుడి ఎదుట పుదుమంటపం, అంటే కొత్త మంటపం, ఆయన కట్టించినదే; స్తంభాలమీద తనతో సహా నాయకరాజుల విగ్రహాలు, చేతులు జోడించుకుని. ఆ మంటపంలో ఎన్నో యేళ్లు దర్జీలు మిషన్లు పెట్టుకుని కూర్చునేవారు. ఈమధ్య ఆ దుకాణాలను వేరేచోటికి తరలించారు. దానికి తూర్పున ఆయన మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయిన రాయగోపురం మొండిగా నిలబడి ఉంది. 1636లో కట్టిన మహలులో మిగిలినది కొద్దిభాగమే. ఆయన తరువాత వచ్చిన చొక్కనాథుడు రాజధానిని మళ్లీ తిరుచిరాపల్లికి మార్చి, మహలులో చాలాభాగం విప్పించి పట్టుకుపోయాడు. 1866-72 మధ్య మద్రాసు గవర్నరు నేపియరు మిగిలినదాన్ని బాగుచేయించాడు. ఈ వైభవానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నది కూడా మరవకూడదు. ఆ కాలంలో అక్కడున్న జెసూయిట్ పాద్రీల ఉత్తరాలు యుద్ధాల గురించి, కరవుల గురించి చెప్పే మాటలు శిల్పాలంత అందంగా ఉండవు.

1689లో గద్దె బాధ్యత చేపట్టిన రాణి మంగమ్మ పసివాడైన మనవడి తరఫున 1706 దాకా పాలించింది. పరధ్యానంలో ఒకనాడు ఎడమచేత్తో తాంబూలం నోట పెట్టుకుందట. ఆ దోషం పోవడానికి బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందని చెబుతారు. రైల్వేస్టేషను ఎదుట మంగమ్మ సత్రం ఇప్పటికీ ఉంది.

ఆమె మనవడు విజయరంగ చొక్కనాథుడి కొలువు మన సాహిత్యానికి ముఖ్యం. ఆయనే స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం తెలుగు వచనంలో రాశాడు. సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడి వచన జైమిని భారతం ఆ కొలువుదే. శేషము వేంకటపతి తారాశశాంక విజయం అక్కడ పుట్టిందే. తెలుగుదేశంలో వచనాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో తమిళదేశం నడిబొడ్డున కూర్చుని కథలకూ మాహాత్మ్యాలకూ వచనమే చాలునని నిశ్చయించుకున్నారు వీళ్లు. దక్షిణాంధ్ర వాఙ్మయమని మన చరిత్రపుస్తకాల్లో విడిగా ఒక అధ్యాయం ఉండేది ఇలాంటివారి మూలంగానే. అంతకు వందేళ్ల ముందు, 1606లో మధుర చేరిన రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ పాద్రీ తమిళ సంస్కృతాలతోపాటు తెలుగూ నేర్చుకున్నాడు. అధికారుల భాష అది. ఆనాడు అక్కడ ఉద్యోగం కావాలంటే తెలుగు రావాలి. ఈనాడు ఇక్కడ మనకు ఇంగ్లీషు ఎలాగో అలాగ.

విజయరంగుడు 1732లో పోయాడు. ఆయన భార్య మీనాక్షి నాలుగేళ్లు నిలబడింది. చందా సాహెబు ఆమెకు మాటిచ్చి మోసగించాడు. 1736లో నాయకరాజ్యం ముగిసింది. తరువాత నవాబులు, యూసఫ్ ఖాన్, కుంపిణీ. 1837 ప్రాంతంలో కలెక్టరు బ్లాక్‌బర్న్ కోటగోడలు పడగొట్టించి కందకం పూడిపించాడు. ఆ చోటనే వెలి వీధులు వెలిశాయి.

కొలువు పోయాక భాష ఏమైందో చూడండి. తెలుగు కవి ఆశ్రయం వెతుక్కుంటూ మధుర వెళ్లే అవసరం తీరిపోయింది. మధుర తెలుగువాడికి తెలుగు చదువుతో పని తీరిపోయింది. మధుర, విరుదునగరు, తేని, తిరునెల్వేలి ప్రాంతాల్లో నాయుళ్లు, కమ్మవారు, రాజకంబళంవారు, ఇంకా ఎన్నో కులాలవారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. తండ్రిని నైనా అని పిలిచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తెలుగులో పాతమాటలు నిలిచాయి, తమిళమాటలు చేరాయి. కాని చాలామందికి లిపి రాదు. పెళ్లిపత్రిక తమిళంలో, లెక్కలు తమిళంలో, ప్రార్థన తమిళంలో. తమిళనాడు ప్రభుత్వం 2006లో బళ్లలో తమిళాన్ని తప్పనిసరి చేసే చట్టం తెచ్చినప్పుడు అల్పసంఖ్యాక భాషలవారు ఆందోళన చెందారు, కోర్టుకు వెళ్లారు. నిజానికి మధుర వైపు తెలుగు చాలా ఇళ్లలో బడిని అంతకు ఎన్నో తరాల ముందే వదిలేసింది. ఎవరూ నిషేధించలేదు. అవసరం తీరింది, అంతే.

పక్కనే సౌరాష్ట్రుల సంగతి చూస్తే మరో రకం. గుజరాతు వైపునుంచి శతాబ్దాలక్రితం దిగివచ్చిన పట్టునేత పనివాళ్లు. సుంగుడి చీరలు వాళ్లవే. వాళ్లకు రాజ్యమెన్నడూ లేదు. దారిలో విజయనగరంలో, తెలుగు ప్రాంతాల్లో ఉన్నందువల్ల వాళ్ల భాషలో తెలుగుమాటలు ఎన్నో చేరాయి. ఒకప్పుడు ఆ భాషను తెలుగు లిపిలో కూడా రాసేవారు. ఇప్పటికీ వీధులకు వీధులు వాళ్లవే, ఇళ్లలో ఆ భాషే. చేతిపని ఒకేచోట కట్టిపడేసినందువల్ల నిలిచారా, పెళ్లిళ్లు తమలోనే చేసుకోవడం వల్లనా అన్నది మేము తేల్చలేము. రెండూ కారణాలే అనిపిస్తుంది. వాళ్ల పిల్లలు కూడా ఈమధ్య మగ్గం వదిలి చదువులకు, ఉద్యోగాలకు వెళుతున్నారు.

మనవాళ్ల కథకు ఒక రచయిత దొరికాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. తురకదొర తమ పిల్లను అడిగాడని రాత్రికి రాత్రి ఊరు వదిలి, దక్షిణానికి నడిచి, కరిసెల నేలలో పొదలు నరికి పల్లె కట్టుకున్న తెలుగు కుటుంబాల కథను 1976లో గోపల్ల గ్రామం అనే నవలగా రాశాడు. వెంట తరుముతున్నప్పుడు ఒడ్డున చెట్టు వంగి వాళ్లను ఏరు దాటించిన ముచ్చట, ముసలమ్మలు తరతరాలుగా చెప్పుకున్నది, అందులో ఉంది. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తమిళ రచనలకిచ్చే బహుమతి. ఆ ముసలమ్మలు తెలుగులో చెప్పినదాన్ని ఆయన తమిళంలో రాశాడు; ఆయన చదువరులు తమిళులు. మన సంఘం ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలు కథ తెలుగులో విని ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతున్నప్పుడు మాకు ఈయన గుర్తొస్తాడు. ఆ పిల్లల్లో ఒకరు ఏనాడైనా మన ఊళ్ల సంగతులు రాస్తే ఏ భాషలో రాస్తారో చెప్పలేం. రాస్తే సంతోషమే.

మధుర వెళ్లదలచినవారికి ఒక మాట. చిత్తిరై పండుగ ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. మన పిల్లలకు బళ్లు అప్పటికి విడువరు, ఎండా ఎక్కువే. సంక్రాంతి తరువాత వెళ్లగలిగినవాళ్లు తై పూసంనాటి తెప్పోత్సవం చూడవచ్చు. వండియూరు చెరువు తిరుమల నాయకుడు తవ్వించినదే, ఒక్కొక్క వైపు సుమారు వెయ్యి అడుగులు. మహలు ఇటుకలకు మట్టి తీస్తుంటే అక్కడ పెద్ద వినాయకుడి విగ్రహం బయటపడిందట; ముక్కుఱుణి వినాయకుడని ఇప్పుడు గుడిలో ఉన్నది ఆయనే. తెప్పోత్సవం జరిగేది తిరుమల నాయకుడి జన్మనక్షత్రంనాడు. తెప్పకు తాళ్లు కట్టి, గట్టుమీదనుంచి ఊరి జనమే లాగుతారు.