నెలలు నిండని శిశువులు: తొలి పోషణ, మెదడు ఎదుగుదల

గర్భంలో 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన బిడ్డలను నెలలు నిండని శిశువులంటారు. చివరి మూడు నెలలు మెదడు అతి వేగంగా ఎదిగే కాలం. 34వ వారంలో దాని బరువు నిండు నెలల బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే ఉంటుంది. ఇనుము, డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లం తల్లి నుంచి ఎక్కువగా అందేదీ అప్పుడే. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ సరఫరా బొడ్డుతాడుతోపాటే తెగిపోతుంది. ఇక ఎదగాల్సిందంతా నరంలోకి ఎక్కించే ద్రవాలతో, ముక్కు గొట్టంలోంచి పోసే కాసిని పాలతోనే ఎదగాలి. అందువల్ల ఈ వారాల్లో ఇచ్చే పోషణ బరువు పెంచడానికే కాదు, మెదడుకు చేసే వైద్యంలో భాగం కూడా.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. జబ్బు ముదిరిన బిడ్డకే పాలు తక్కువగా ఇమడతాయి. పెద్దయ్యాక ఆ బిడ్డ వెనకబడితే కారణం జబ్బే కావచ్చు. ఈ చిక్కుముడిని విప్పింది ఇంగ్లండులో 1980లలో అలన్ లూకాస్ బృందం చేసిన పరీక్ష. 1,850 గ్రాముల లోపు బరువున్న బిడ్డలకు మామూలు డబ్బాపాలో, పోషకాలు పెంచిన డబ్బాపాలో చీటీ వేసినట్టు కేటాయించారు. ఏది ఎవరికన్నది జబ్బును బట్టి నిర్ణయించలేదు. ఆ తేడా సగటున నాలుగు వారాలే. అయినా ఏడున్నర, ఎనిమిదేళ్ల వయసులో పరీక్షించినప్పుడు, మామూలు పాలు తాగిన మగపిల్లలు భాషాసంబంధ ఐక్యూలో 12 పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఆడపిల్లల్లో మాత్రం అంత తేడా తేలలేదు.

అలాగని డబ్బాపాలే మేలనుకోకూడదు. పేగులు కుళ్లే ప్రాణాంతక జబ్బు ముప్పును తల్లిపాలు తగ్గిస్తాయి. అయితే కిలో బరువున్న బిడ్డకు రోజుకు 160 మిల్లీలీటర్ల తల్లిపాలు పట్టినా అందే ప్రోటీన్ సుమారు రెండు గ్రాములే; కావలసింది మూడున్నర నుంచి నాలుగు. అందుకే అతి తక్కువ బరువున్న బిడ్డలకు తల్లిపాలలోనే పోషకాలు పెంచే ఫోర్టిఫయర్ పొడి కలిపి పడతారు.

మరి ప్రోటీన్ ఎంత పెంచితే అంత మంచిదా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తొలి ఐదు రోజులు రోజుకో గ్రాము అమైనో ఆమ్లాలు అదనంగా ఎక్కించి చూశారు. రెండేళ్లకు చూస్తే, నాడీలోపం లేకుండా బతికిన పిల్లల శాతం అందువల్ల పెరగలేదని 2022లో తేలింది. లూకాస్ ఫలితాన్ని ఇది కొట్టిపారేయదు. అక్కడ తీర్చింది కొరతను, అదీ పలు పోషకాలు కలిపి, వారాల తరబడి. ఇక్కడ పెంచింది ఒక్కదాన్నే, అదీ శరీరంలో లవణాల తూకం ఇంకా కుదరని రోజుల్లో. డీహెచ్‌ఏ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 29 వారాలలోపు పుట్టిన పిల్లలకు అది అదనంగా ఇస్తే ఐదేళ్ల వయసులో ఐక్యూ సగటున మూడున్నర పాయింట్లు ఎక్కువగా వచ్చింది. కానీ అదే పరీక్షలో దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముప్పు పెరిగి ఉండవచ్చన్న సూచనా ఉంది.